ముప్ఫై ఎనిమిది తుట్టెలు

గురువారం పొద్దున, ఎండ ఇంకా కొండ నెత్తిన పడకముందే, సిరీలో అనే ముసలాయన భుజాన కందిరీగల తుట్టెతో రిజర్వు కాపలా దళానికి దొరికిపోయాడు. పట్టుకున్నవాడు దళం నాయకుడు ఒతీలియో. మక్రీనా అతనికి నలభై అడుగుల వెనక బండ మీద కూర్చుని, బూటులో దూరిన జెముడు ముల్లు పీక్కుంటోంది. ముల్లు ఊడొచ్చి తలెత్తేసరికి దారి మలుపులో తన మేనమామ నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి పైకెత్తాడు. రెండో చెయ్యి మాత్రం భుజం మీది మూటను వదల్లేదు.

"దించు పెద్దాయనా," అన్నాడు ఒతీలియో. "నెమ్మదిగా దించు. ఏంటది?"

"మోత వినపడట్లా?"

"తుట్టేనా?"

"మరి గిటారా?"

ముసలాయన మోకాలు వంచి, మూటను బండ మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించాడు. కిత్తనార గుడ్డ, కింద కొమ్మతో సహా చుట్టి, పైన మూడు చోట్ల తాడుతో కట్టి ఉంది. లోపల గుంయ్‌మని ఒకటే రొద. ఒతీలియో రెండడుగులు వెనక్కి వేసి, ఆ సంగతి ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

"నన్ను చూసి వెనక్కి తిరిగాడు," అన్నాడు మక్రీనాతో. "కిందికి దిగుతున్నవాడల్లా పైకి తిరిగాడు. నువ్వు చూశావుగా?"

"నేను బూటు చూసుకుంటున్నా."

"దిగుతున్నావా, ఎక్కుతున్నావా పెద్దాయనా?"

సిరీలో మేనకోడలి గొంతు వచ్చిన వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకున్నాడు. ఆమె తల మీద ఆకుపచ్చ టోపీ, చేతిలో తుట్టెల లెక్క రాయమని నగరం డాక్టరమ్మ ఇచ్చిన పుస్తకం.

దొంగ దొరికితే మాట్లాడడు కదా, అదే రుజువనుకున్నాడు ఒతీలియో. పై కొండ రక్షిత అడవి కింద రిజర్వులోకి పోయిన దగ్గర్నుంచీ అక్కడ మేక కాలు పెట్టకూడదు, పుల్ల విరవకూడదు, తుట్టె అసలే ముట్టకూడదు. తెపాలో అనే ఆ ఊరి వాళ్ళకి ఇది మింగుడు పడని విషయమే. తాతల నాటి నుంచీ అక్కడివాళ్ళు కందిరీగల తుట్టె చిన్నగా ఉన్నప్పుడే కొమ్మతో కోసి ఇంటికి తెచ్చుకునేవారు. పెరట్లో చెట్టుకి కట్టి, అది పెరిగాక, వెన్నెల నిండే వారంలో మూడింట రెండు పాళ్ళు కోసి, పురుగులతో సహా పెనం మీద కాల్చుకుని, మొక్కజొన్న రొట్టెలో మిరపకాయ పచ్చడితో తినేవారు. మిగిలిన ముక్కని ఆ కొమ్మకే వదిలేస్తే కందిరీగలు మళ్ళీ కట్టుకునేవి. ఊళ్ళో ఈ పని సిరీలోకి వచ్చినంతగా ఎవరికీ రాదు. అందుకే ఆయన భుజాన తుట్టె కనపడితే ఎవరూ రెండో మాట ఆలోచించలేదు.

"ఒక్క మాట," అన్నాడు ముసలాయన, తనను నడిపించుకుపోతుంటే. "మూట మూతి కాస్త వదులు చేసి, నీడలో పెట్టండి. ఊపిరాడదు వాటికి."

"ఆడకపోతేనే మాకు మంచిది," అన్నాడు ఒతీలియో. పై తాడుకి ఇంకో ముడి బిగించి, కర్రకి తగిలించి దూరంగా పట్టుకుని నడిచాడు. మూటను ఊరి ఆఫీసులో బీరువా పక్కన పెట్టారు. గుమాస్తా దాని మీద కాగితం అంటించి ముద్ర వేశాడు. ఆదివారం ఊరి సభ. సిరీలో పేరు ఉమ్మడి భూముల జాబితా నుంచి కొట్టెయ్యాలనీ, బతికున్నన్నాళ్ళూ కొండెక్కనివ్వకూడదనీ ప్రతిపాదన. మధ్యాహ్నానికల్లా నోటీసు తలుపుకి అతికింది.

మక్రీనా ఆ నోటీసు చదివి, టోపీ తీసి చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళింది. ఆవిడకి సిగ్గుగా ఉంది. అది మామ దొంగతనం చేశాడనో, తను నోరు విప్పలేదనో తేల్చుకోలేకపోయింది.

*

శుక్రవారం పని దిగాక మామ ఇంటికెళ్ళింది. ఊరి చివరి ఇల్లు అది. దాని కంచె దగ్గర్నుంచి లోయ దాకా నిమ్మతోటలే. ఆకులు పచ్చబడి కాయ రాలిపోయే తెగులు వచ్చిన దగ్గర్నుంచీ పదిహేను రోజులకోసారి మోటారు పంపుతో మందు కొడుతున్నారు. ఆ వాసన గుమ్మం దాకా వస్తోంది. సిరీలో అరుగు మీద కూర్చుని, పంచె మోకాళ్ళ పైకి లాగి, తొడ మీద కిత్తనార పేనుతున్నాడు. అరచేత్తో ముందుకి ఒకసారి తోసి, వెనక్కి లాగేటప్పుడు వేళ్ళతో పాయ కలుపుతున్నాడు. చూపు ఆనక్కర్లేని పని.

"ఎవరూ?"

"నేనే మామా."

"తిన్నావా?"

"తినడానికి రాలేదు."

"అయినా తిను."

రెండు రొట్టెలు వేడి చేసి, ఉప్పూ పచ్చడీ వేసి ఇచ్చాడు. మక్రీనా తింటూ పెరట్లోకి చూసింది. ఆరు సపోటా చెట్లు, రెండు మామిళ్ళు, కంచె పక్కన ముసలి నిమ్మచెట్టు. చిన్నప్పుడు ఈ పెరట్లో ప్రతి చెట్టుకీ ఒక తుట్టె ఉండేది. వాటి కింద నుంచి తల వంచుకుని పోవాలి. ఇప్పుడు కొమ్మలకి తాడు గుర్తులు మాత్రం మిగిలాయి. సపోటా ఆకుల మీద తెల్లగా మందు పొడి ఎండిపోయి ఉంది. కుండీ గట్టు మీద తేనెటీగలు పది పన్నెండు వెల్లకిలా పడి ఉంటే కోడి వాటిని చూసి కూడా పొడవకుండా పోయింది.

ఇది తుట్టెల కాలం. ఈ ఇంట్లో పెనం మీద తుట్టె కాలిన వాసన వచ్చి ఎన్నాళ్ళయిందో ఆవిడ లెక్కవేసుకుంది. మూడేళ్ళయింది. అడగడానికి వచ్చిన ప్రశ్న ఆవిడ నోట్లోనే మారిపోయింది.

"కొండ మీద తుట్టెలు కోసుకొస్తున్నావే అనుకో. మరి తింటున్నదెవరు?"

"అమ్ముకుంటున్నానేమో."

"ఎవరికి?"

"నువ్వు పోలీసువా, మేనకోడలివా? ఏదో ఒకటి తేల్చుకుని అడుగు."

"నాకు చెప్పు మామా. ఆదివారం నేనైనా ఏదో ఒకటి మాట్లాడాలిగా."

"ఏం మాట్లాడొద్దు. నా పేరు కొట్టేస్తే కొట్టేస్తారు. డెబ్భై రెండేళ్ళు వాడేశా దాన్ని, ఇంకెన్నాళ్ళు కావాలి?" నార పేనడం ఆపి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆ మూట ఎక్కడ పెట్టారే?"

"ఆఫీసులో. బీరువా పక్కన."

"కిటికీ పక్కనేనా?"

"కాదు."

"నీళ్ళన్నా చిలకరించమని చెప్పు. గుడ్డ మీద. కొంచెం."

అటుగా పోతూ ఆవిడ ఆఫీసుకి వెళ్ళి చెప్పింది. ముద్ర వేసిన రుజువు మీద నీళ్ళు పొయ్యడం కుదరదన్నాడు గుమాస్తా. పోసినా కాగితం ఊడిపోతే తన ఉద్యోగం ఊడుతుందన్నాడు. మక్రీనా గది మధ్యలో నిలబడి చెవి పెట్టి వింది. రొద ఇంకా ఉంది, కానీ నిన్నటికీ ఇవాళ్టికీ సగానికి తగ్గింది.

ఇంటికొచ్చి, పొద్దు పోకముందే శుభ్రప్రతి రాయడానికి గుమ్మంలో కూర్చుంది. కొండ మీద పెన్సిలుతో రాసుకున్నది మంచి అక్షరాలతో డాక్టరమ్మ పుస్తకంలోకి ఎక్కించాలి. ఇరసేమా డాక్టరమ్మ వాహాకా నగరంలో విశ్వవిద్యాలయం మనిషి. కందిరీగల మీదే ఆవిడ చదువంతా. రెండేళ్ళ కిందట తెపాలో కొండ మీద మొదటిసారి లెక్కపెడితే నాలుగే నాలుగు తుట్టెలు. ఈ ఏడు ముప్ఫై ఎనిమిది. రక్షించిన కొండ వల్ల కందిరీగలు తిరిగొచ్చాయని రాస్తోంది ఆవిడ. ఆ రాత చూపించే దళానికి ఇంకో మూడేళ్ళు పని ఇప్పిస్తానంది. దళంలో ఆరుగురు. ఆరిళ్ళ పొయ్యిలు ఆ ముప్ఫై ఎనిమిది మీదే వెలుగుతున్నాయి.

పుస్తకంలో గళ్ళు: తుట్టె నంబరు, చెట్టు పేరు, ఎత్తు, మూతి ఏ దిక్కు. కందిరీగలకి కోపం రాకుండా పన్నెండడుగుల దూరంలో నిలబడి బైనాక్యులర్లో చూసి రాయాలని డాక్టరమ్మ కట్టడి. మక్రీనా గీతలు కొట్టుకుంటూ రాసుకుపోయింది. ఐదు, తుమ్మ, తూర్పు. ఆరు, తుమ్మ, తూర్పు. ఏడు, జెముడు, వాయవ్యం. ఎనిమిది, తుమ్మ, తూర్పు. తొమ్మిది, తూర్పు. ఈ తూర్పు సంగతి డాక్టరమ్మకి మహా ఇష్టం. కొండ మీద కందిరీగలు ఎక్కువగా మూతి తూర్పుకే పెడుతున్నాయని కనిపెట్టి, వచ్చే నెల ఏదో పెద్ద సమావేశంలో చెప్పబోతోంది. పొద్దుటి ఎండ కోసమని ఒక కారణం కూడా రాసుకుంది.

పన్నెండో నంబరు దగ్గర చెయ్యి ఆగింది.

తూర్పు మొహం పెట్టేది కందిరీగలు కాదు. ఇంటికి తెచ్చిన తుట్టెను కట్టేటప్పుడు మూతి సూర్యుడు పొడిచే వైపుకే ఉండాలి, లేకపోతే అవి అలిగి వెళ్ళిపోతాయి. ఈ మాట చిన్నప్పుడు మామ తనను నిచ్చెన పట్టుకోమని కింద నిలబెట్టి, పై నుంచి ఎన్నిసార్లు అన్నాడో. "కొంచెం ఇటు తిప్పుతున్నా, చూసి చెప్పు, సూర్యుడు కనపడతాడా దీనికి?" అని అడిగేవాడు. తెపాలో ఊళ్ళో తుట్టె కట్టేవాడెవడైనా అలాగే కడతాడు. రెండేళ్ళు తన చేత్తోనే తూర్పు, తూర్పు, తూర్పు అని రాస్తూ, ఆ రాత ఎవరిదో గుర్తుపట్టలేదు. మక్రీనా నుదురు కొట్టుకుని, మళ్ళీ మొదటి నుంచీ పేజీలు తిప్పి తూర్పులన్నీ లెక్కపెట్టింది. ఇరవై మూడు వచ్చాయి.

*

శనివారం కొండకి పోయే ముందే మామ గుమ్మం ఎక్కింది. ఆయన పొయ్యి ముందు జావ కలుపుతున్నాడు.

"ఇరవై మూడా?" అంది.

గరిట ఆగింది. "ఏవీ?"

"నువ్వు కొండ మీద కట్టినవి."

సిరీలో జావ పొయ్యి మీంచి దించాడు. "మొన్నటిది కట్టనిచ్చి ఉంటే ఇరవై నాలుగు," అన్నాడు.

తర్వాత మిగతాది ఒక్కొక్క ముక్కే వచ్చింది. మందు మొదలైన ఏడు, డాక్టరమ్మ మొదటి లెక్క అయిపోయాక, పెరట్లో నాలుగు తుట్టెలు ఒక్క వారంలో చచ్చాయి. మిగిలినవి కోసి, తెల్లవారుజామున, అవి లోపల నిద్రపోతుండగా పైకి మోశాడు. అక్కడ మందు కొట్టరు కదా. ఆ తర్వాత తోటల్లో చిన్న తుట్టె కనపడితే దాన్నీ మోశాడు. గురువారం మోసింది తన కంచె పక్క నిమ్మచెట్టుది. ఊళ్ళో ఆఖరిది.

"మరి ఒతీలియోకి చెప్పొచ్చుగా, కొట్టుకొస్తున్నది కాదురా, పట్టుకెళ్తున్నదని."

"చెప్తే డాక్టరమ్మ లెక్క ఏం కావాలి? నువ్వు రాసిన పుస్తకం ఏం కావాలి? ఆ టోపీ నీ నెత్తి మీద ఉండనిస్తారా?"

"నీకు తెలుసా, మేం లెక్కపెడుతున్నామని?"

"చెట్లకి రేకు బిళ్ళలు కొడుతున్నారుగా. మొదట్లో నేనూ భయపడ్డా, పీకేస్తారేమోనని. తర్వాత అర్థమైంది, కాపలా కాస్తున్నారని. మంచిదే అనుకున్నా." ఆయన జావ రెండు చిప్పల్లో పోశాడు. "నువ్వేం మాట్లాడకు. నా మీద ఒట్టు."

"కొండెక్కనివ్వరు మామా. చచ్చేదాకా ఎక్కనివ్వరు."

దానికి మాత్రం ఆయన తడబడ్డాడు. చిప్ప కింద పెట్టి, అరచేతులు మోకాళ్ళకి రాసుకున్నాడు. "కింద నుంచి చూస్తాలే," అన్నాడు.

"ఎదురుగా ఉన్న కోడి కనపడదు నీకు. కింద నుంచి కొండ మీద తుట్టె చూస్తావా?"

"ఉన్నాయని తెలిస్తే చాలుగా."

ఆ రోజు కొండ మీద దళంలో మనిషి దెల్ఫీనా మక్రీనా పక్కనే నడిచింది. దెల్ఫీనాకి ముగ్గురు పిల్లలు. మొగుడు వెన్ను పట్టేసి మంచం మీద ఉన్నాడు. "నీ బాధ నాకు తెలీక కాదు," అంది. "కానీ రేపు సభలో నువ్వు లేవకు. మామని వెనకేసుకొచ్చావంటే దళమంతా దొంగలే అంటారు. మన పని మీదకొస్తుంది. దణ్ణం పెడతా." మక్రీనా ఊఁ అంది. ఆ ఊఁ అబద్ధమో నిజమో అప్పటికి ఆవిడకీ తెలియదు.

*

సభ ఆఫీసు ముందు రేకుల పందిట్లో. ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో టోపీల పెద్దలు. మధ్యలో బల్ల, బల్ల మీద మూట. దాని చుట్టూ రెండు కుర్చీలంత ఖాళీ వదిలారు. ఉమ్మడి భూముల పెద్ద వుల్ఫ్రానో అధ్యక్షత వహించాడు. మంచివాడే. కాకపోతే నిమ్మతోట ఉన్నవాడు, అదీ సిరీలో కంచె పక్కదే. డాక్టరమ్మ సాక్ష్యానికి వచ్చి ఒక పక్కన కూర్చుంది.

ఒతీలియో తను పట్టుకున్న వైనం చెప్పాడు. గురువారం చెప్పినదానికంటే కొంచెం పెరిగింది. ముసలాయన ఇప్పుడు పరుగెత్తాడు కూడా.

"సిరీలో, నువ్వేమన్నా చెప్తావా?" అడిగాడు వుల్ఫ్రానో.

"మూట మూతి వదులు చెయ్యమన్నా. మూడు రోజులైంది."

ఎవరో నవ్వారు. "అది తర్వాత. దొంగతనం సంగతి చెప్పు."

"ఇంకేం లేదు."

చేతులెత్తమని అడగబోతుంటే మక్రీనా లేచింది. దెల్ఫీనా ఆవిడ పావడా అంచు పట్టి లాగింది. మక్రీనా ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"మూట విప్పండి," అంది.

"ఇక్కడా?" అన్నాడు వుల్ఫ్రానో.

"రుజువన్నారుగా. రుజువంటే చూడాలి. ఎవరైనా చూశారా దాన్ని?"

ఎవరూ చూడలేదు. చూడకుండానే మూడు రోజులు దాని గురించి మాట్లాడారు. మక్రీనా బల్ల వైపు నడిచేసరికి ముందు వరస కుర్చీలు బరబరా వెనక్కి జరిగాయి. అప్పటిదాకా గట్టిగా అరిచిన ఇద్దరు టోపీలు కిందికి లాక్కుని పందిరి గుంజ దాకా వెళ్ళి, అక్కడ గాలి బావుందన్నట్టు నిలబడ్డారు. ఒతీలియో చేతి తొడుగులు వెతుక్కుంటున్నాడు. మక్రీనా తొడుగులు అడగలేదు. మామ నేర్పినట్టు ఊపిరి మూట మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, కాగితం చింపి, ఒక్కొక్క ముడీ విప్పింది.

గుడ్డ తెరుచుకుంది. ఏమీ ఎగరలేదు. కందిరీగలు పుల్లలు నమిలి కట్టిన బూడిదరంగు కాగితపు తుట్టె పుచ్చకాయంత ఉంది. దాని మూతిలోంచి నాలుగైదు కందిరీగలు పాకుతూ వచ్చి, రెక్కలు విప్పలేక గుడ్డ మడతలో ఆగిపోయాయి. మిగతావి అడుగున గింజల్లా రాలి ఉన్నాయి. జనం లేచి మెడలు చాచారు.

మక్రీనా కొమ్మ పట్టుకుంది. ముల్లు గుచ్చుకుంది. ఎండిన ఆకు ఒకటి తుంచి, నలిపి, వుల్ఫ్రానో ముక్కు దగ్గర పెట్టింది.

"ఏం చెట్టు?"

వుల్ఫ్రానో వాసన చూశాడు. తను రోజూ చూసే వాసనే. "నిమ్మ," అన్నాడు.

"కొండ మీద నిమ్మచెట్టు ఎక్కడుందో ఎవరైనా చెప్పండి."

వెనక నుంచి ఒకాయన, "అంటే కింద నుంచి పైకి మోస్తున్నాడా? పిచ్చా ఏంటి?" అన్నాడు.

"పిచ్చే," అంది మక్రీనా. తనకి తెలిసినదంతా చెప్పింది. పెరట్లో చచ్చిన తుట్టెలు, తెల్లవారుజామున పైకి మోయడం, తూర్పు మూతులు, ఇరవై మూడు. చెబుతున్నంతసేపూ దెల్ఫీనా వైపు చూడలేదు. వుల్ఫ్రానో తన గోళ్ళు చూసుకుంటూ, "మందు కొట్టకపోతే తోట పోద్ది మరి," అన్నాడు, అతన్ని ఎవరూ అడక్కపోయినా.

డాక్టరమ్మ లేచి వచ్చి పుస్తకం తీసుకుంది. పేజీలు తిప్పింది. వేలు తూర్పుల మీదుగా కిందికి జారుతూ పోయింది. మొహం ఎర్రబడి, మళ్ళీ మామూలుగా అయింది.

"మీకెప్పుడు తెలిసింది, మక్రీనా గారూ?"

"శుక్రవారం సాయంత్రం."

"నేను రెండేళ్ళ నుంచి చూస్తున్నాను," అంది డాక్టరమ్మ. "ముప్ఫై ఎనిమిది అని ఇంక రాయలేను. మీ పని సంగతి ఏమవుతుందో నాకు తెలియదు. అబద్ధం చెప్పను."

ఒతీలియో నిబంధనల కాగితం పట్టుకుని లేచాడు. "బయటి నుంచి జీవాల్ని తెచ్చి వదలడం కూడా నేరమే. తొమ్మిదో నిబంధన."

"కూర్చోవయ్యా," అన్నాడు వుల్ఫ్రానో అలసటగా. చేతులెత్తమన్నాడు. సిరీలో దొంగ కాదని చేతులు లేచాయి. కొన్ని ముందు, కొన్ని పక్కవాణ్ణి చూసి. పేరు జాబితాలో ఉంటుంది. కొండెక్కొచ్చు. దెల్ఫీనా చెయ్యి ఎత్తలేదు, ఎదురు ఓటూ వెయ్యలేదు. కుర్చీ మడతపెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మక్రీనాకి అది అన్నిటికంటే ఎక్కువ తగిలింది.

సిరీలో బల్ల దగ్గరికొచ్చి తుట్టె మీదకి ముక్కు ఆనేంతగా వంగాడు. వేలితో మూతి అంచు తట్టాడు. మళ్ళీ తట్టాడు. పాకుతున్న కందిరీగని అరచేతిలోకి తీసుకుంటే అది కుట్టను కూడా లేదు.

"మూతి వదులు చెయ్యమన్నాను," అన్నాడు. గొంతు పెంచలేదు. ఎవరినీ చూసి అనలేదు కూడా. ఒతీలియో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జనం దారిచ్చి తప్పుకుంటే ముసలాయన తుట్టెని గుడ్డలో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. పోతూ మక్రీనా పక్కన ఆగి, "ఒట్టు పెట్టానా లేదా?" అన్నాడు.

"పెట్టావు."

"వినవు కదా. మీ అమ్మ పోలికే," అని కదిలాడు.

*

సోమవారం డాక్టరమ్మ ముసలాయన్ని కొండ మీదికి రమ్మంది. ఏవి ఆయన కట్టినవో ఏవి కావో విడదీసి రాయాలి. ఆ పని ఆయన తప్ప ఎవరూ చెయ్యలేరు. ఒతీలియో నీళ్ళ డబ్బా మోస్తానని తనే వచ్చాడు. దెల్ఫీనా రాలేదు, ఒంట్లో బాలేదని కబురు పెట్టింది.

సిరీలో ముందు నడిచాడు. కళ్ళతో కాక కాళ్ళతో నడుస్తున్నట్టుంది. ఎండిపోయిన వాగు, మూడో బండ, అక్కడ ఎడమకి, తుమ్మ. "ఇది నాది," అనేవాడు తల ఎత్తకుండానే. మక్రీనా రాసేది. "ఇదీ నాదే. ఇది వుల్ఫ్రానో తోటలోది, పాపం చిన్నది అప్పుడు. ఇది నాది." ఒక్కోదాని దగ్గర ఆగి, రొద విని, తల ఆడించి ముందుకి పోయేవాడు. తాడూ కొమ్మా తుట్టె కాగితంలో ఎప్పుడో మునిగిపోయాయి. దగ్గరకెళ్ళి చూస్తే తప్ప కట్టినట్టు తెలియదు.

ఏడో నంబరు దగ్గర ఆయన ఆగకుండా నడిచిపోయాడు.

"మామా, ఇది?"

"ఏది?"

"ఇదిగో, జెముడు మీద."

"అక్కడ నేనేం కట్టలా."

"ఉంది మామా."

ఆయన నమ్మలేదు. స్తంభంలాంటి జెముడు, రెండు నిలువుల ఎత్తున కొమ్మలు విడిపోయిన చోట తుట్టె ఉంది. ఆయన చూపుకి అదంతా ఆకాశమే. ఒతీలియో నీళ్ళ డబ్బా దించి, మెడలోంచి బైనాక్యులర్ తీసి, ముసలాయన తలకి తగిలించాడు. వెనక నిలబడి రెండు చేతులతో ఆయన గడ్డం పట్టి పైకెత్తాడు. "కొంచెం ఎడమకి. ఇంకొంచెం. ఇప్పుడు ఈ చక్రం తిప్పు పెద్దాయనా."

సిరీలో చక్రం తిప్పాడు. నోరు తెరుచుకుంది.

"మూతి అటెందుకు పెట్టింది?" అన్నాడు.

"వాటికి నచ్చినట్టు పెట్టుకున్నాయి," అంది డాక్టరమ్మ. "గుంపు పెరిగితే కొన్ని విడిపోయి వేరే చోట కట్టుకుంటాయి కదా."

"తెలుసు. ఇంటి దగ్గరా విడిపోయేవి. తోటల్లోకి పోయేవి, అక్కడ చచ్చేవి." ఆయన ఇంకా బైనాక్యులర్ దించలేదు. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

మక్రీనా పుస్తకం చూసింది. "పదిహేను. మొదటి లెక్కలో నాలుగే ఉన్నాయి మామా."

డాక్టరమ్మ మక్రీనా భుజం మీదుగా వంగి ఆ అంకెలు తనూ చూసుకుంది. నాలుగు పదిహేనయిందని రాస్తానంది. పని ఇప్పించడానికి అది చాలుతుందో లేదో చెప్పలేనంది, కానీ అది నిజమైన లెక్కంది. అలా అంటున్నప్పుడు ఆవిడ గొంతులో తూర్పు కనిపెట్టిన రోజు సంతోషం లేదు. అయినా ఆవిడ ఆ మాట రెండుసార్లు అంది.

పదిహేనూ చూస్తానన్నాడు సిరీలో. మధ్యాహ్నం దాకా పట్టింది. ఎండ ఎక్కింది, నీళ్ళు అయిపోయాయి, ఎవరూ దిగుదామనలేదు. బండ సందులో ఒకటి, ఎండు తుమ్మలో రెండు, ఏ మనిషీ నిచ్చెన వెయ్యలేని కొండ చరియ మీది చెట్టుకి ఒకటి. ప్రతిచోటా ఒతీలియో ఆయన గడ్డం పట్టి చూపించాడు. ప్రతిచోటా ఆయన చూసి, "ఇది నాది కాదు," అన్నాడు. మొదట ఆశ్చర్యంగా అన్నాడు. తర్వాత్తర్వాత అడక్కముందే అన్నాడు.

చివరిదాని దగ్గర బండ మీద చతికిలపడి టోపీ తీశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. మక్రీనా పక్కన కూర్చుంది. పెన్సిలు పట్టుకుని, "మామా, దీనికేం రాయను?" అంది.

"నాది కాదని రాయమ్మా," అన్నాడు సిరీలో. "అన్నిటికీ అదే రాయి. నావి కాదని."

ఆవిడ రాసింది. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో ఆయన వంగి, కనపడకపోయినా, చూశాడు.